కారులో బొంగరం

గత చలికాలంలో ఒక ఉదయం నా కారు వెనుక నీలిపొగ లేచింది. కాసేపటికి తగ్గింది. కానీ సిగ్నలు దగ్గర ఆగి కదిలినప్పుడల్లా మళ్ళీ లేవసాగింది. కారుకు వయసు ఇరవైయేళ్ళు. రెండు లీటర్ల పెట్రోలు ఇంజను, దానికొక టర్బో. డెన్వరులో ఉద్యోగానికైనా, సెలవు దినాల్లో రాకీ పర్వతాల మీదికైనా మా ఇంటిల్లిపాదికీ అదే దిక్కు. మెకానిక్కు గొట్టాలు విప్పి, టర్బో ఇరుసును వేలితో పట్టి ఊపి చూపించాడు. ఊగకూడనంత ఊగింది. మార్చక తప్పదన్నాడు.

విషయం విన్న మా బావమరిది, "బావా, ఎలాగూ డబ్బు పెడుతున్నావు. మళ్ళీ ఆ చిన్నదే ఎందుకు? ఒక సైజు పెద్దది వేయించి ట్యూన్ చేయిద్దాం. కొండలెక్కేటప్పుడు నీకే తెలుస్తుంది" అన్నాడు. అబద్ధమెందుకు, ఆ మాట నన్నూ ఊరించింది. అయితే చెక్కు రాసే ముందు ఈ యంత్రం పూర్వాపరాలు తెలుసుకొందామని చదవడం మొదలుపెట్టాను. చదివినకొద్దీ అర్థమైనదేమిటంటే, మా ఇంట్లో నడిచిన వాదమే ఇంజనీర్ల లోకంలోనూ దశాబ్దాల తరబడి నడిచిందని.

ముందుగా పేరు సంగతి. లాటిన్‌లో టర్బో అంటే సుడిగాలి, బొంగరమనీ అర్థముంది. ఈ రెండో అర్థమే నాకు నచ్చింది. ఇంజను నుంచి వృథాగా పోయే వేడి పొగ ఒక చక్రాన్ని తిప్పుతుంది. అదే ఇరుసుకు అవతలి కొసన ఉన్న మరో చక్రం బయటి గాలిని పీల్చి, నొక్కి ఇంజనులోకి తోస్తుంది. గాలి ఎక్కువైతే అందుకు తగినంత ఇంధనం కలపవచ్చు, శక్తి పెరుగుతుంది. ఈ బొంగరం నిమిషానికి లక్ష చుట్లకు పైగా తిరుగుతుంది. నాబోటి కార్లలో దాని ఇరుసును మోసేది పలుచటి నూనె పొర మాత్రమే.

ఈ ఆలోచనకు 1905లో పేటెంటు పొందినవాడు స్విట్జర్లాండు ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బూకి. అది ఫలించడానికి ఇరవైయేళ్ళు పట్టింది. 1920లలో రెండు జర్మన్ ప్రయాణికుల ఓడల డీజిలు ఇంజన్లు దీని సాయంతో 1,750 నుంచి 2,500 అశ్వశక్తికి పెరిగాయి. ఓడ ఇంజను గంటల తరబడి ఒకే వేగంతో నడుస్తుంది కనుక బొంగరానికి ఇబ్బంది లేదు. కారు పని అలాంటిది కాదు కదా!

రెండో ఘట్టం జరిగింది మా రాష్ట్రంలోనే. డెన్వరుకు దక్షిణాన, 14,000 అడుగులకు పైగా ఎత్తున్న పైక్స్ పీక్ శిఖరానికి 1918లో శాన్‌ఫర్డ్ మాస్ అనే జనరల్ ఎలక్ట్రిక్ ఇంజనీరు ఒక లిబర్టీ విమాన ఇంజనును లారీ మీద ఎక్కించి తీసుకుపోయాడు. నేలమీద 350 అశ్వశక్తినిచ్చే ఆ ఇంజను, పైనున్న పలుచటి గాలిలో 230కి పడిపోయింది. టర్బో తగిలిస్తే 356 ఇచ్చింది. అంటే మాస్ కొత్త శక్తిని కోరలేదు, ఎత్తు అపహరించిన శక్తిని తిరిగి రాబట్టాడు. ఈ తేడా నాకు తరువాత చాలా పనికొచ్చింది.

కార్లలోకి ఇది 1962లో వచ్చింది. ఆ ఏడాది అమెరికాలో వెలువడిన రెండింటిలో ఓల్డ్స్‌మొబీల్ జెట్‌ఫైర్ కథ వినదగ్గది. మూడున్నర లీటర్ల ఇంజనుకు 215 అశ్వశక్తి. కంప్రెషన్ నిష్పత్తిని 10.25 దగ్గరే ఉంచి పైనుంచి టర్బో పెట్టడంతో నాకింగు భయం పట్టుకొంది. దాన్ని ఆపడానికి మిథనాలు, నీళ్ళు కలిపిన ద్రవాన్ని ఇంజనులోకి చిమ్మే ఏర్పాటు చేశారు. ఆ ద్రవం డబ్బాను నింపడం చాలామంది యజమానులు మరిచిపోయారు. చివరకు 1965లో కంపెనీయే టర్బో తీసేసి మామూలు కార్బ్యురేటరు బిగిస్తామని ముందుకొచ్చింది. రోజూ నడిపే మనిషి ఎంత శ్రద్ధ చూపగలడన్నది కూడా ఇంజనీరు లెక్కలో ఉండవలసిన అంకె అన్నమాట.

తరువాతివాళ్ళు కంప్రెషన్ తగ్గించారు. 1973 నాటి బీఎండబ్ల్యూ 2002 టర్బోలో అది 6.9, 1974లో చూపిన పోర్షె 911 టర్బోలో 6.5. ఫలితంగా బొంగరం పుంజుకొనే దాకా ఇంజను నీరసంగా ఉండటం, పుంజుకొన్నాక ఒక్కసారిగా వెన్నులో తన్నడం. పందెపు తోవలో అది సరదా, పిల్లలను బడికి దింపేటప్పుడు కాదు.

దారి మళ్ళించింది స్వీడన్‌కు చెందిన సాబ్. 1977లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో చూపిన 99 టర్బో వెనుక ఉన్న ఇంజనీరు పెర్ యిల్‌బ్రాండ్ కోరుకొన్నది గరిష్ఠ వేగం కాదు, మధ్య వేగాల్లో బలం. అందుకని త్వరగా పుంజుకొనే చిన్న టర్బోను ఎన్నుకొని, పీడనం మితిమీరితే పొగను పక్కకు మళ్ళించే వేస్ట్‌గేట్ పెట్టారు. రెండు లీటర్లకు 145 అశ్వశక్తి. 1982 నమూనాలతో, నాకింగును విని తనంతట తానే పీడనం తగ్గించే ఏపీసీ వచ్చింది. నాణ్యత వేరువేరుగా ఉన్న పెట్రోళ్ళతో నడిచే వీలు కలిగింది. 2011లో సాబ్ దివాలా తీసింది గానీ, ఆ పద్ధతి ఇవాళ్టి టర్బో కార్లన్నిటిలోనూ ఏదో రూపంలో ఉంది.

ఇక నా లెక్క. సముద్రమట్టం దగ్గర గాలి పీడనం చదరపు అంగుళానికి 14.7 పౌండ్లు. దాని మీద నా టర్బో మరో 14 చేరుస్తుంది, మొత్తం 28.7. అంటే గాలిని సుమారు 1.95 రెట్లు నొక్కాలి. డెన్వరులో గాలి పీడనమే 12.1, అదే మొత్తానికి 2.37 రెట్లు కావాలి. పదకొండు వేల అడుగులపైనున్న ఐసెన్‌హోవర్ సొరంగం దగ్గర దాదాపు మూడు రెట్లు. చిన్న బొంగరాన్ని అంత తిప్పితే వేడెక్కి, హద్దు దాటి చస్తుంది. ఇంతవరకు మా బావమరిది మాటే నిజం.

కానీ రెండో వైపు చూడండి. పుంజుకోక ముందు టర్బో ఇంజను కూడా మామూలు ఇంజనే. పలుచటి గాలిలో దాని పొగా పలుచనే. పెద్ద చక్రం మరింత ఆలస్యంగా లేస్తుంది. సిగ్నలు నుంచి సిగ్నలుకు నడిచే కారులో ఆ ఆలస్యం రోజుకు వందసార్లు ఎదురవుతుంది. పైగా ఇంజెక్టర్లు, ఇంధనపు పంపు, క్లచ్చి వరసగా మార్చాలి.

అందుకని పాత సైజుదే కొత్తది కొన్నాను. ట్యూన్ చేసేవారిని కోరింది ఒక్కటే: నొక్కుడు 2.3 రెట్లు దాటకూడదు. డెన్వరులో పూర్తి పీడనంకన్నా తగ్గేది కొద్దిపాటే. సొరంగం దగ్గర ఐదోవంతుకు పైగా తగ్గుతుంది, తగ్గనీ. కొండప్రాంతమని ఇక్కడ అమ్మే 85 ఆక్టేన్ పెట్రోలు జోలికీ పోను. పలుచటి గాలిలో నాకింగు తక్కువన్న లెక్క మీద అమ్మేదది. ఆ పలుచదనాన్ని టర్బో పూడ్చేస్తుంది కదా. నా ట్యూనింగు 91కి చేసింది.

ఇంతకీ పాత టర్బో చావుకు కారణం దాని సైజు కాదు. నూనె తెచ్చే సన్నని గొట్టం మడ్డితో పూడిపోయింది. రెండేళ్ళుగా నూనె మార్పును వాయిదా వేసినవాణ్ణి నేనే. జెట్‌ఫైర్ యజమానులను చూసి నవ్వుకొన్న నాకు ఆ గొట్టాన్ని చూశాక నవ్వు రాలేదు. టర్బోతో పాటు గొట్టాన్నీ మార్పించాను.

ఇప్పుడు కొండెక్కి ఆగినప్పుడల్లా ఇంజనును ఒక నిమిషం అలాగే ఉండనిస్తున్నాను, నూనె ఆ వేడిని కొంత మోసుకుపోయేదాకా. ఎందుకు ఆపవు నాన్నా అని పిల్లలు అడుగుతారు. లోపల బొంగరం తిరుగుతోందమ్మా, కాస్త చల్లారనిద్దాం అంటాను.