అమ్మరాని భూమి

2018 దసరా సెలవులకు ఊరికి పోయిన్నాడు మా నాయిన బస్సు ఆగే కాడికొచ్చి నిలబడ్డడు. ఎన్నడూ రానోడు వచ్చిండంటే వాడలో ఎవరో పోయినట్టేననుకున్నాను. ఎవరూ పోలేదు. "బొందలగడ్డల రాళ్ళు పాతిండ్రు సారూ, జర చూద్దువు రా" అన్నడు. నాకు నౌకరీ వచ్చినప్పట్నుంచి నన్ను సారూ అనే పిలుస్తడు. సగం ముద్దు, సగం ఎత్తిపొడుపు.

పోయి చూస్తే ఎరుపు, తెలుపు రంగులు పూసిన హద్దురాళ్ళు. మా తాత గోరీకి నాలుగడుగుల దూరంలో ఒకటి. దాని మీద ప్లాటు నంబరు. రోడ్డు పక్కన పెద్ద ఫ్లెక్సీ. ఈతకొలను బొమ్మ, ఉయ్యాల ఊగే తెల్లటి పిల్ల, కింద గజం ధర 8 వేలు. ఆ ఫ్లెక్సీ మీది నక్షలో మా బొందలగడ్డకు ఆకుపచ్చ రంగేసి 'పార్కు' అని రాసిండ్రు. లేఅవుట్ వేసేటోడు తన భూమిలో పదోవంతు ఖాళీ జాగా పంచాయతీకి వదలాలని రూలు. తన భూమిలోంచి వదలడమెందుకని మా శవాల మీద వదిలాడు.

ఈ భూమి కథ చెప్పాలంటే వెనక్కి పోవాలె.

మా తాత ఎట్టికి పోయేటోడు. పటేలు వాకిట్ల కూసోవాలె. తహసీలు నుంచి ఎవరొచ్చినా మూటలు మోయాలె. చావు కబురు తీస్కపోవాలె. మోటకు తోలు బొక్కెన కుట్టియ్యాలె. కూలి అనే మాట లేదు, కల్లం కాడ అడుగు గింజలు ఊడ్చుకొచ్చుకునుడే. మా ఊరి 1954-55 ఖాస్రా పహాణీ నకలు తీయించి చూశాను. పట్టాదారు కాలంలో మా ఇంటిపేరు ఒక్కచోటా లేదు. ఆ భూములన్నీ దున్నింది, నాటింది, కోసింది మావాళ్ళే. ఎవరు దున్నుతున్నరో రాసే కాలం కూడా పహాణీలో ఉంది. కానీ కలం పట్వారీ చేతిలో ఉంది.

మా పక్క, అప్పటి నల్గొండ జిల్లా పోచంపల్లిలో 1951 ఏప్రిల్ 18న మావాళ్ళు వినోబా భావేను 80 ఎకరాలు అడిగారు. వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇస్తానన్నాడు. భూదానం అట్లా పుట్టిందని బడిలో నేనే పాఠం చెప్తాను. ఇచ్చినాయన పేరు నా పిల్లలకు నోటికొచ్చు. అడిగినోళ్ళలో ఒక్కరి పేరు కూడా, పాఠం చెప్పే నాకే రాదు.

మాకు భూమి దానంగా రాలేదు, కాగితంగా వచ్చింది. 1973 సీలింగు చట్టం 1975 జనవరి 1 నుంచి అమల్లోకొచ్చింది. మా ఊళ్ళో మిగులు భూమి ఒక్క కుంట తేలలేదు. కొడుకుల పేర, కోడళ్ళ పేర, ఆఖరికి పాలేర్ల పేర కూడా రాయించుకున్నరు. ఎమర్జెన్సీ రోజులు, పేదలకు భూములియ్యాలని పైనుంచి ఒత్తిడి. అందుకని 1976లో ఊరవతల ఎవరికీ అక్కరలేని సర్కారీ కంచె చీల్చి మా వాడలో 23 ఇండ్లకు లావుని పట్టాలిచ్చిండ్రు. మెట్ట అయితే ఐదెకరాల దాకా ఇయ్యొచ్చు. మాకు తలా ఎకరన్నర. అది కూడా రాయి, బలుసు పొద, తుమ్మ. రాళ్ళేరడానికే రెండెండకాలాలు పట్టిందట. ఆ రాళ్ళకుప్పలు ఇప్పటికీ ఉన్నయి. మా నాయినకప్పుడు పన్నెండేండ్లు, నెత్తిన తట్ట మోసి మోసి సుడి కాడ వెంట్రుకలు మళ్ళీ రాలేదని చూపిస్తడు. మొదటేడు జొన్న, కంది వేస్తే కంకి పట్టే యాళ్ళకు పటేలు పశువులు పడ్డయి. అడగబోతే "కంచెల మేసినయి, మేస్తయి" అన్నరట. వాళ్ళ లెక్కల అది ఇంకా కంచెనే.

ఆ పట్టా మీద ఒక షరతున్నది. తెలంగాణలో 1958 జీవో 1406 నుంచి వస్తున్న షరతు. అనుభవించొచ్చు, వారసులకు పోతుంది, అమ్మరాదు. 1977లో తొమ్మిదో నంబరు చట్టం వచ్చి ఇంకా గట్టిగా చెప్పింది. అసైన్డు భూమి అమ్మినా కొన్నా చెల్లదు, అట్లా చేతులు మారిన భూమిని తీసుకొని మొదట పట్టా పొందినోనికో వాని వారసునికో తిరిగియ్యాలె, అది కుదరకుంటే సర్కారు తీసుకోవాలె. మమ్మల్ని కాపాడటానికే ఆ చట్టం. కాదనను. కానీ ఊళ్ళో రెండు రకాల భూములైనయి. ఒకటి ఆపదకు అక్కరకొచ్చే భూమి, ఇంకోటి ఆపదొచ్చినా కదలని భూమి. బ్యాంకోడు మా పట్టా తిరగేసి మరగేసి చూసి పక్కన పెడతడు. ఆపదలు మాత్రం ఎవరికైనా ఒక్కతీరుగనే వస్తయి.

2005 తర్వాత ఔటర్ రింగురోడ్డు, శంషాబాద్ విమానాశ్రయం అని పట్నం మా దిక్కు నడిచొచ్చింది. సుమోలు వచ్చేటియి. అమ్మరాని భూమిని కూడా కొనేటోళ్ళుంటరని అప్పుడే తెలిసింది. పావలా వంతు ధరకు. రిజిస్ట్రేషన్ లేదు. తెల్లకాగితం, వేలిముద్ర, ఇద్దరు సాక్షులు.

ఇక్కడ ఒక సంగతి రాయాలె. చాలా రోజులు ఎవరికీ చెప్పలేదు. 2006లో మా నాయిన అరెకరం అట్లనే ఇచ్చిండు. 80 వేలకు. మా అక్క పెండ్లి, మిగిలింది నా చదువు. ఆ పైసలతో నేను పట్నంలో హాస్టలులుండి డిగ్రీ చదివిన, తర్వాత బీఈడీ చేసిన. మా ఇంట్ల డిగ్రీ కాగితం తెచ్చిన మొదటోన్ని నేనే. దాని కోసం పోయిన కాగితం ఏదో నాకప్పుడు తెలియదు. బడిలో లెక్కలు చెప్పేటోన్ని కదా, లెక్క కట్టకుండా ఉండలేను. కుంటకు 121 గజాలు, ఇరవై కుంటలకు 2,420. మాకు గజానికి 33 రూపాయలు పడ్డది. ఫ్లెక్సీ మీద 8 వేలు. రోడ్లకు పోయే జాగా తీసేసినా కోటి దాటుతుంది.

దసరా అయిన మూడోనాడు పంచాయతీ ఆఫీసు ముందర ఊరంతా కూడింది. మా నాయినకు కుర్చీ వేసిన మొదటి మీటింగు అది, ఆ మాట చెప్పాలె. పట్టా రైతులకు వాళ్ళ బండ్లబాట లేఅవుట్ ప్రహరీలోకి పోతున్నదని బాధ. కుంట అలుగు కాలువ పూడ్చి రోడ్డేస్తే వరిమళ్ళు మునుగుతయని భయం. కుర్మోళ్ళకు గొర్లు మేపే జాగ పోతున్నది. మాకు బొందలగడ్డ, లావుని భూమి. "మనం మనం ఒక్క ఊరోళ్ళం, బయటోన్ని అడుగు పెట్టనియ్యొద్దు" అన్నడు ఒక పెద్ద రైతు. నలభై రోజులు ఆ మాట నిలబడ్డది. ట్రాక్టర్లు అడ్డం పెట్టిండ్రు. జేసీబీ ముందు మా అవ్వలు, పటేలమ్మలు ఒక్క వరుసల కూసున్నరు. మధ్యాహ్నం అన్నం మాత్రం రెండు కుండల్లో వండిండ్రు.

అప్పుడు లేఅవుటోడు నక్ష మార్చిండు. పట్టా పొలాలకు 30 అడుగుల రోడ్డు, కాలువకు తూములు. రోడ్డు పడేసరికి ఆ పొలాల ధర కూడా లేచింది. అడ్డం పెట్టిన ట్రాక్టర్లు ఒక్కొక్కటే ఇంటికి పోయినయి. వాళ్ళను తిట్టడానికి రాస్తలేను. వాళ్ళు బాట కోసం కొట్లాడిండ్రు, బాట దొరికింది, పోయిండ్రు. ధర పెరిగితే వాళ్ళకు లాభం. మాది అమ్మరాని భూమి. ధర పెరిగినకొద్దీ మమ్మల్ని అక్కడ్నుంచి లేపే తొందరే పెరుగుతది. కుర్మోళ్ళు మాత్రం ఆఖరుదాకా మాతోటి ఉన్నరు.

దరఖాస్తు నేనే రాసిన. కానీ సంతకం పెట్టలేదు. సర్కారు నౌకరి, కాండక్టు రూల్సు. నా చేతిరాత ఆఫీసులల్ల గుర్తుపడతరని నా భార్య చేత మళ్ళీ రాయించిన. బడిలో అంబేడ్కర్ జయంతికి గంటసేపు మాట్లాడే నేను, మా బొందలగడ్డ కోసం నా పేరు రాయలేకపోయిన. వేలిముద్ర వేసిన మా నాయిన ధైర్యం వేరు.

ఎవరెవరి భూమి ఎట్లెట్ల పోయిందో రాద్దామని కూసుంటే వాడలో ఎవరూ నోరు విప్పలేదు. సిగ్గు. అమ్మినోడు తప్పు చేసినట్టు, కొన్నోడు దొర. మా నాయినే ముందుగాల లేచి "నేనిచ్చిన. సారు చదువుకిచ్చిన" అన్నడు. నా వంక చూడలేదు. ఆ తర్వాత ఒక్కొక్కరే చెప్పుకొచ్చిండ్రు. ఒకరు పెండ్లికి, ఒకరు కడుపు ఆపరేషనుకు, ఒకరు బోరుకు. ఆ బోర్ల నీళ్ళు పడలేదు. 23 ఇండ్లలో 14.

విచారణలో ఒక వింత చూసిన. కొన్నోళ్ళ వకీలు లేచి, ఈ పట్టాలు 1958కి ముందటి లావుని పట్టాలు, షరతు లేదు, వీళ్ళు సంపూర్ణ హక్కుదారులు, అమ్ముకునే అధికారం వీళ్ళకున్నది అని వాదించిండు. మా భూమి మీద మాకు సంపూర్ణ హక్కున్నదని ఒక మనిషి గట్టిగ అనంగ వినుడు నాకదే మొదలు. అది మా చేతుల్లోంచి పోయిన తర్వాత. మా పట్టాల మీద 1976 అని ఉంది గనుక ఆ వాదన నిలబడలేదు.

2004లో మా రంగారెడ్డి జిల్లా చేవెళ్ల డివిజన్ కేసులోనే హైకోర్టు విస్తృత ధర్మాసనం, సర్కారు ప్రజావసరానికి అసైన్డు భూమి తీసుకుంటే పట్టా రైతుకిచ్చినట్టే పరిహారమియ్యాలని తీర్పు చెప్పింది. ఎట్ల తీసుకుంటున్నమని చెప్తరో దాన్ని బట్టే ఉంది అంతా. రోడ్డుకంటే పరిహారం. షరతు తప్పినవంటే ఏమీ లేదు. మా అరెకరం రెండో పద్దులో పడ్డది. తిరిగి మాకియ్యమని అడిగితే, "నీ కొడుకుది సర్కారు జీతం గద, నువ్వు భూమిలేని పేదోనివి ఎట్లైతవు" అని మా నాయిననడిగిండ్రు. ఆయన కాసేపు ఆగి, "కొడుకుది జీతం సారూ, నాది భూమి" అన్నడు. అది రికార్డులోకి ఎక్కలేదు.

బొందలగడ్డ దక్కింది. సర్వే చేసి, ఎకరం పది కుంటలు తేల్చి, రాళ్ళు పీకించిండ్రు. మా నంబరు నిషేధిత జాబితాలకు పోయింది, ప్లాట్లు ఆగినయి. అమ్మిన 14 ఇండ్ల భూమిని సర్కారు తీసుకుంది. మాకు తిరిగి రాలేదు, అప్పీలు నడుస్తున్నది. మిగిలిన ఎకరంలో ఇప్పటికీ కంది వేస్తున్నం.

2021 వానకాలంలో ఆ అరెకరంల బోర్డు పాతిండ్రు. ఇది ప్రభుత్వ భూమి, అతిక్రమించినవారు శిక్షార్హులు. బోర్డు మొఖం రోడ్డు దిక్కు, ఈపు మా చేను దిక్కు. ఆ ఏడు మా నాయిన బర్రెను ఆ బోర్డు గుంజకు కట్టేసిండు. వీఆర్ఏ వచ్చిండు. మా వాడ పిలగాడే, నా దగ్గరే చదువుకున్నడు. "పెద్దనాయినా, సర్కారు గుంజకు కట్టొద్దు, నామీదికొస్తది" అన్నడు. మా నాయిన విప్పలేదు. పిలగాడు కాసేపు నిలబడి, తనే విప్పి, తోలుకొచ్చి మా రాళ్ళకుప్ప కాడి తుమ్మచెట్టుకు కట్టేసి పోయిండు.