పెట్టె వెనక కూర్చున్నవాడి ముచ్చట్లు

ఆ ఎండు కొబ్బరిమట్ట ఇంకోటి మంటలో వెయ్యరా పెద్దోడా. నువ్విలా పక్కకి జరుగమ్మాయ్, పొగ నీ కళ్లలోకే వస్తోంది. పొద్దున ఒక మాట అడిగావు గదా, వీణో వయొలినో నేర్చుకోకుండా ఈ హార్మోనియం ఎందుకు నేర్చుకున్నావు తాతయ్యా అని. కళ మీద ప్రేమతో అని గొప్పలు చెప్పుకోవచ్చు గానీ, ఈ చలిలో కూచుని అబద్ధాలెందుకు? తెనాలి చుట్టుపక్కల ఆ రోజుల్లో ఏ ఊళ్లో చూసినా పద్యం ఎత్తుకునేవాళ్లు పదిమంది ఉండేవాళ్లు. వాళ్లకి పెట్టె వాయించేవాడు మాత్రం నాలుగూళ్లకి ఒకడు. తిండికి లోటుండని విద్య అని మా నాన్న నన్ను తీసుకెళ్లి మేస్టారి గుమ్మం ముందు నిలబెట్టాడు. ప్రేమ తరవాత పుట్టింది, పెళ్లయ్యాక పుట్టినట్టు.

మేస్టారు చాలాకాలం నన్ను మెట్ల మీద చెయ్యి వెయ్యనివ్వలేదు. గాలితిత్తి దుమ్ము దులపడం, రీడ్లు తుడవడం, అంతే. రీడంటే చిన్న ఇత్తడి నాలిక. దాని కొస దగ్గర బ్లేడుతో రవ్వంత గీకితే స్వరం పైకి పోతుంది, మొదలు దగ్గర గీకితే కిందికి దిగుతుంది. చెయ్యి కాస్త ఎక్కువ పడిందా, ఆ నాలిక ఇక మూగదే. వానాకాలం చెక్క ఉబ్బి మెట్లు పైకి లేవవు. ఎలకలకి తిత్తి తోలంటే మహా ఇష్టం. వాయించడం కన్నా ముందు దాని జబ్బులు నేర్పాడాయన. అప్పుడు విసుక్కున్నాను గానీ, నాటకం మధ్యలో రీడు మొరాయిస్తే చీకట్లో చేత్తో తడిమి ఏది పోయిందో చెప్పగలిగేవాణ్ణి.

అసలీ పెట్టె మనది కాదు. పారిస్‌లో డెబాఁ అనే ఆయన 1842లో పేటెంటు తీసుకున్నాడు. అది కాలితో తొక్కేది. కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ దాన్ని నేల మీద కూర్చుని ఒక చేత్తో గాలి కొట్టి ఇంకో చేత్తో వాయించుకునేలా మార్చాడు. అక్కణ్ణించి నాటక కంపెనీల సామాన్ల బండ్లెక్కింది. 1880ల్లో ధార్వాడ కంపెనీ మన కోస్తా ఊళ్లకొచ్చి ఆడిపోయింది. అది చూసి మనవాళ్లకీ వేడెక్కింది. రాజమండ్రిలో వీరేశలింగం పంతులుగారు నాటకాలాడించారు. 1885లో కడప జిల్లా సురభి అనే పల్లెలో కీచకవధతో వనారస వారి సమాజం మొదలైంది. బళ్లారిలో ధర్మవరం రామకృష్ణమాచార్యులుగారు నాటకంలో పాటకీ పద్యానికీ పెద్దపీట వేశారు. అంతే, స్టేజీ మీద పద్యం ఉంటే కింద పెట్టె ఉండాల్సిందే అయింది.

శివరాత్రికో శ్రీరామనవమికో తాటాకు పందిరి వేసేవాళ్లు. మైకు లేదు, పెట్రోమాక్సు లైట్లు రెండో మూడో. జనం మాత్రం ఊరవతల చెరువుగట్టు దాకా. కృష్ణుడు వేషగాడు నోరు తెరిస్తే ఆ గట్టు మీద వాడికీ వినపడాలి. అందుకే మా నాటకాలవాళ్ల శ్రుతి నాలుగు, ఐదు, కొందరిది ఇంకా పైన. కచేరీల్లో మగవాళ్లు ఒకటికో రెండుకో పాడుకుంటూ ఉంటే మావాళ్లు గొంతు నరాలు ఉబ్బేలా పైషడ్జం అందుకుని అక్కడే నిలబడేవాళ్లు. సంగీత విద్వాంసులు మమ్మల్ని చూసి ముక్కు చిట్లించేవాళ్లు, అరుపులని. చిట్లించనీ. ఆ అరుపు వెనక గట్టు మీద కూర్చున్న పాలేరున్నాడు. వాడూ మనిషే, వాడికీ భారతం వినాలని ఉంటుంది. తరవాత మైకులొచ్చాయి. గొంతులు మాత్రం దిగలేదు, అలవాటైపోయింది.

పద్యానికి తాళం లేదు, తెలుసా? ఇదే అసలు సంగతి. పాటకైతే తబలా ఉంటుంది, దాన్ని పట్టుకుని నువ్వూ పోవచ్చు. ఉత్పలమాలో చంపకమాలో ఎత్తుకున్నవాడు ఎక్కడ ఆగుతాడో, ఏ మాట దగ్గర సాగదీస్తాడో, ఎక్కడ విరుస్తాడో ఎవడికీ తెలియదు. వాడికే తెలియదు. నిన్న రాత్రి ఆగిన చోట ఇవాళ ఆగడు. హార్మోనిస్టు వాడి వీపు వంక చూస్తూ కూర్చోవాలి. ఊపిరి పీల్చేటప్పుడు భుజాలు లేస్తాయి, అది చూసి తిత్తి నింపుకోవాలి. వాడు పాడిన సంగతిని వెనకే అందుకుని, వాడు ఊపిరి తీసుకునే సందులో మనం చూపించాలి, వాడు మళ్లీ ఎత్తుకునేసరికి తప్పుకోవాలి. కొందరు తప్పుకోరు. వేలు తిరిగింది గదా అని పద్యం మీద పడి వాయిస్తారు. జనం వాళ్లకీ చప్పట్లు కొడతారు, అదే వచ్చిన చిక్కు.

మా మేస్టారు ఒకసారి తోడి పాడుతూ నన్ను వాయించమన్నారు. తోడిలో గాంధారం నిలబడదు, ఊగుతుంది. మన పెట్టెలో మెట్టు నొక్కితే ఆ స్వరం కొయ్యలా నిలబడుతుంది, రెండు మెట్ల మధ్య ఏమీ లేదు. నేను పక్క పక్క మెట్లు గబగబా నొక్కి ఊపు తెప్పించాలని చూశాను. ఆయన ఆపి, ‘వేలు ఎత్తెయ్’ అన్నారు. ‘నీ పెట్టెకి రానిది గొంతుకి వదిలెయ్. నువ్వు షడ్జం పట్టుకుని కూర్చో, వాడు తిరిగొచ్చేటప్పటికి ఇల్లు ఉండాలి.’ నాకు తెలిసిన విద్యలో సగం ఆ రోజు విన్నదే. వాయించడం రెండేళ్లలో వస్తుంది. ఎత్తెయ్యడం నాకు చాలా ఏళ్లు పట్టింది, వేలికి తెలిసినా మనసొప్పదు.

ఇంకో మాట కూడా చెబుతా, పెద్దవాళ్లు ఒప్పుకోరు గానీ నా నమ్మకం. మన నాటకాల్లో మోహన, కల్యాణి, హిందోళం, కాపీ, సింధుభైరవి ఇంతలా ఎందుకు పాతుకుపోయాయి? శహన, బేగడ ఎందుకు అంతగా రాలేదు? పెట్టె మీద తిన్నగా పలికేవి మిగిలాయి, పలకనివి పక్కకి పోయాయి. నటుడు తనకి నచ్చిన రాగం ఎంచుకున్నానని అనుకుంటాడు. అంతకుముందే కింద కూర్చున్న చెక్కపెట్టె ఎంచిపెట్టేసింది. నీ ఫోనులో శ్రుతిపెట్టె, నీ కీబోర్డూ రేపు నీకేం ఎంచిపెడుతున్నాయో కాస్త చూసుకో.

రేడియో సంగతి అడిగాడు మీ బాబాయి మొన్న. అదీ చెప్పాలి. 1940 మార్చి నుంచి ఆలిండియా రేడియో హార్మోనియాన్ని వెలివేసింది. ఢిల్లీలో పాశ్చాత్య సంగీతం చూసే జాన్ ఫౌల్డ్స్ అనే ఇంగ్లీషాయన 1938లోనే దాన్ని దుమ్మెత్తి పోస్తూ రాశాడు. రవీంద్రనాథ్ ఠాగూరుకీ అది గిట్టేది కాదు. 1971లో గానీ ఆ పట్టు సడలలేదు, అదీ కొంతే. బెజవాడలో 1948 డిసెంబరులో స్టేషను పెట్టాక ఊరూరా రేడియో మోగింది. ఊరూరా నాటకాల్లో హార్మోనియమూ మోగింది. రెండూ ఒక గదిలో కలవలేదు.

మావాళ్లు దాన్ని తలచుకుని తిట్టేవాళ్లు. నేను తిట్టను. వాళ్లన్నదాంట్లో సగం నిజం ఉంది. తంబురా మీటి చెవి పెట్టి విను, అందులో తనంత తాను పలికే గాంధారం ఒకటుంటుంది. మన పెట్టె అంతర గాంధారం దానికన్నా రవ్వంత పైన ఉంటుంది. షడ్జం నుంచి పైషడ్జం దాకా సమానంగా పన్నెండు ముక్కలు కోసి పెట్టినందుకు కట్టిన కప్పం అది. విదేశం నుంచి వచ్చిందనేది మాత్రం పసలేని మాట. వయొలిన్ ఎక్కణ్ణించి వచ్చింది? దాన్ని నెత్తిన పెట్టుకున్నాం గదా. తేడా ఒక్కటే, వయొలిన్ మీద వేలు జారుతుంది, పెట్టె మీద జారదు. ఆ లోటు తెలిసి వాయించినవాడు వాద్యగాడు. తెలియనివాడి విషయంలో రేడియోవాళ్లు చేసిందే నయం.

గ్రామఫోను ప్లేట్లు ఇంకో కథ. ప్లేటుకి ఒక వైపు మూడు నిమిషాల పైచిలుకు, అంతే. స్టేజీ మీద రాగంతో కలిపి పది నిమిషాలు సాగే పద్యాన్ని దాంట్లో ఇరికించాలి. రాగం తెగ్గోసి పాడితే పద్యం బిగుతుగా వచ్చింది, మాట స్పష్టంగా వినపడింది. ఊళ్లో కుర్రాళ్లు ఆ ప్లేట్లు విని అలాగే నేర్చుకున్నారు. స్టేజీ ఎక్కాక మాత్రం వన్స్ మోర్ రుచి మరిగి మళ్లీ సాగదీసేవాళ్లు. దాని మీద పెద్ద తగువే నడిచిందప్పట్లో. ఏలూరు వకీలు బందా కనకలింగేశ్వరరావుగారు, గొప్ప కృష్ణుడు, రాగం పద్యాన్ని మింగకూడదు, భావం ముందుండాలి అని పట్టుబట్టారు. ఈలపాట రఘురామయ్యగారూ కృష్ణుడే. ఆయన వేలు నోట్లో పెట్టి ఈలతో రాగం పలికిస్తే పందిరి లేచిపోయేది. ఇద్దరూ ఒకే వేషం, ఒకరి దారి ఒకరికి పనికిరాదు. నాకు బందా వారి మాట నచ్చుతుంది, రఘురామయ్యగారి ఈల వినాలనిపిస్తుంది. ఏం చెయ్యను?

స్థానం నరసింహారావుగారి పేరు విన్నారా? బాపట్లలో 1902లో పుట్టారు, మన తెనాలి రామవిలాస సభలో వెలిగారు. మగవాడు సత్యభామ కడితే ఆడవాళ్లే నివ్వెరపోయి చూసేవాళ్లట. 1956లో పద్మశ్రీ ఇచ్చారు. శ్రీకృష్ణ తులాభారంలో సత్యభామ పాట ఒకటి ఆయనే రాసుకున్నారు. 1966లో సినిమా తీసినప్పుడు అదే పాట సుశీలమ్మ పాడింది, జమున ఆడింది. చూడండి, ఒక మగవాడు తన ఆడవేషానికి రాసుకున్న పాట మన ఇళ్లలో ఆడపిల్లల పాటైంది. ఆయన అభినయం చేస్తుంటే ఒక్కో మాటకి ఎంతసేపు తీసుకుంటారో చెప్పలేం కాబట్టి, హార్మోనిస్టు ప్రాణం గుప్పెట్లో పెట్టుకుని కూర్చునేవాడని మా మేస్టారు చెప్పేవారు.

ఇక హరిశ్చంద్ర కాటి సీను. అది బలిజేపల్లి లక్ష్మీకాంతంగారి నాటకం. కానీ కాటి సీనులో జనం కదలకుండా కూర్చుని వినే పద్యాలు కొన్ని ఆయనవి కావు. గుర్రం జాషువాగారు శ్మశానవాటి అని రాసిన ఖండికలోవి. నటులే తెచ్చి నాటకంలో కలుపుకున్నారు. రాజూ పేదా, కవీ పసిపాపా ఒకే మట్టిలో కలిసే చోటు అది. కులం పేరు చెప్పి జాషువాగారిని తమ పంక్తిలో కూర్చోనివ్వనివాళ్లు కూడా అర్ధరాత్రి దాటాక ఆ పద్యానికి ముక్కు చీదుకుంటూ వన్స్ మోర్ కొట్టారు. తెల్లారి మారారా అంటే, చాలామంది మారలేదు. పద్యం మీద అంతకన్నా బరువు పెట్టకూడదేమో. ఆ సీనులో మాత్రం నేను తక్కువ వాయించేవాణ్ణి. కింది షడ్జం ఒక్కటే, తిత్తి మెల్లగా. తబలా ఆయన చేతులు ఒళ్లో పెట్టుకునేవాడు.

నవ్వొచ్చే సంగతులూ ఉన్నాయి. కాంట్రాక్టరు పేరున్న నటులందరినీ ఒకే రాత్రికి పిలిచేవాడు. కురుక్షేత్రంలో పడకసీనుకి ఒక కృష్ణుడు, రాయబారానికి ఇంకొకడు, యుద్ధానికి మరొకడు. ఒకాయనది నాలుగు శ్రుతి, ఇంకొకాయనది ఐదున్నర. తెర పడి లేచేలోపు కృష్ణుడి ఒడ్డూ పొడుగూ మారిపోయేవి, నా చేతి కింద మెట్లూ మారిపోయేవి. పద్యం మధ్యలో ఎవరో రంగమ్మీదకొచ్చి నోటు అందిస్తే, చదివింపు చదివేదాకా అర్జునుడు విల్లు పట్టుకుని ఆగాలి. నేను ఆ కాసేపూ శ్రుతి వదలకుండా పట్టుకునేవాణ్ణి. వదిలితే అర్జునుడు మళ్లీ ఎక్కడ ఎత్తుకుంటాడో దేవుడికే తెలియాలి.

ఈ పిల్ల కీబోర్డు మీద సినిమా పాట వాయిస్తుంటే నిన్న విన్నాను. వేళ్లు నాకన్నా చురుగ్గా ఉన్నాయి, ఒట్టు. శ్రుతి మార్చడానికి ఒక మీట నొక్కితే చాలు, రీడు గీకే పని లేదు. అందులో ఒక చక్రం తిప్పితే స్వరం జారుతుందని కూడా చూపించింది. ఫౌల్డ్స్ ఉండి ఉంటే ఏమనేవాడో! మంచిదే. పెట్టెతో కుదరనిది దాంతో కుదరొచ్చు. కానీ అమ్మాయ్, నువ్వు పాడేవాళ్ల పక్కన ఎప్పుడూ కూర్చోలేదు. ఒంటరిగా వాయించుకుంటే నీ తప్పు నీకు వినపడదు. మీ అమ్మ గొంతు బాగుంటుంది, రెండు పద్యాలు నోటికొచ్చు. రేపటి నుంచి ఆవిడ పాడుతుంది, నువ్వు వాయించు. మోహనతో మొదలుపెట్టు. మొదట్లో షడ్జం, పంచమం తప్ప ఇంకేమీ ముట్టుకోకు.

మిగతావాళ్లకీ ఒక మాట. మన ఊళ్లో శ్రీరామనవమికి ఈసారి హరిశ్చంద్ర ఆడతారంటున్నారు. ఆడేవాళ్లు మన పక్కూళ్ల రైతులు, ఇద్దరు బడి మేస్టర్లు. పగలు పని చేసుకుని రాత్రిళ్లు రిహార్సలు వేస్తున్నారు. ఖర్చు వాళ్లే పెట్టుకుంటున్నారు. ఫోన్లు జేబులో పెట్టుకుని, ముందు వరసలో కూర్చుని, కాటి సీను అయ్యేదాకా లేవకుండా వినండి.