ముట్లు ఆగాక గుండె: మదనపల్లె సీమలో స్త్రీల వైద్యం నడిచిన దారి

స్త్రీల గుండెజబ్బు వైద్యుల దృష్టికి చాలా ఆలస్యంగా వచ్చింది. సోమల, పుంగనూరు, మదనపల్లె ప్రాంతంలో ఆధునిక వైద్యం మొదట కాన్పుల చుట్టూ, ఆ తర్వాత క్షయ చుట్టూ పెరిగింది. అమెరికన్ ఆర్కాట్ మిషన్ 1911లో మదనపల్లెలో స్త్రీల కోసం మేరీ లాట్ లైల్స్ ఆస్పత్రిని తెరిచింది. 1912లో ఆ ఊళ్లోనే మొదలైన క్షయ శానటోరియం 1915లో ఊరి బయట ఆరోగ్యవరానికి మారింది. డెన్మార్క్ వైద్యుడు క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్ దాన్ని చాలాకాలం నడిపించారు. కాన్పు కష్టాలు, క్షయ ఆనాడు ఎంతోమంది ఆడవారిని నడివయసు దాటనిచ్చేవి కావు. ముట్లు ఆగాక మరో ఇరవై, ముప్పై ఏళ్లు బతకడం మామూలయ్యాకే ఆ వయసు జబ్బులు బయటపడ్డాయి.

గుండెపోటు మగవాళ్ల జబ్బన్న నమ్మకం ప్రపంచమంతటా ఉండేది. అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్ పట్టణంలో 1948లో మొదలైన అధ్యయనం 5,209 మంది స్త్రీ పురుషులను ఏళ్ల తరబడి గమనించింది. ఒకే వయసు స్త్రీలలో ముట్లు ఆగినవారికి, ఆగనివారికంటే గుండెజబ్బు ఎక్కువగా వస్తోందని 1976లో ఆ పరిశోధకులు ప్రకటించారు.

అండాశయాలు తయారుచేసే ఈస్ట్రోజెన్ రక్తనాళాల లోపలి పొరను మెత్తగా, సాగేలా ఉంచుతుంది. అది తగ్గాక చెడు కొలెస్ట్రాల్ పెరుగుతుంది, కొవ్వు నడుము చుట్టూ చేరుతుంది, ధమనులు గట్టిపడతాయి, బీపీ ఎక్కుతుంది. పురుషుల్లో గుండెజబ్బు ముప్పు నడివయసు నుంచి మెల్లగా పెరుగుతూ పోతుంది. స్త్రీలకు మొదటి గుండెపోటు పురుషులకంటే సగటున తొమ్మిదేళ్లు ఆలస్యంగా వస్తుందని 52 దేశాల్లో జరిగి 2004లో వెలువడిన ఇంటర్‌హార్ట్ అధ్యయనం తేల్చింది. వయసు మీదపడేకొద్దీ ఈ తేడా తరిగిపోతుంది.

పోయిన హార్మోన్‌ను మాత్రలతో తిరిగి ఇస్తే గుండె నిలబడుతుందని వైద్యులు ఆశపడ్డారు. అమెరికాలో 1960లలో గుండెపోటు వచ్చిన పురుషులకు సైతం ఈస్ట్రోజెన్ ఇచ్చి చూశారు. మేలు జరగకపోగా కీడు కనిపించడంతో ఆపేశారు. 16,608 మంది స్త్రీలపై జరిగిన మరో పెద్ద పరీక్షను 2002లో మధ్యలోనే నిలిపివేశారు. ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిన్ కలిపి వాడినవారిలో పక్షవాతం, రక్తపు గడ్డలు, రొమ్ము క్యాన్సర్ పెరిగాయి. అందుకే నేడు సాధారణ వయసులో ముట్లు ఆగినవారికి గుండెను కాపాడటానికని హార్మోన్ మాత్రలు ఇవ్వరు.

తెలుగునాట ఈ విషయానికి బరువు మరింత ఎక్కువ. 2003–04లో ఉభయ గోదావరి జిల్లాల్లోని 45 గ్రామాల్లో మరణాలకు కారణాలను ఆరా తీస్తే, దాదాపు మూడో వంతు గుండె, రక్తనాళాల జబ్బులవే అని తేలింది. స్త్రీల వాటా పురుషులకు దగ్గరగానే ఉంది. 1998–99 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, చిన్న వయసులోనే ముట్లు ఆగిన స్త్రీలు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ముందుంది. 2015–16 సర్వేలో 15–49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి ఆపరేషన్ అయినవారు దేశంలో 3.2 శాతం ఉంటే, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం. గర్భసంచితోపాటు అండాశయాలనూ తీసేస్తే ఈస్ట్రోజెన్ ఒక్కసారిగా పడిపోతుంది. 45 ఏళ్లలోపు ముట్లు ఆగినవారికి గుండెజబ్బు ముప్పు సుమారు ఒకటిన్నర రెట్లని, 32 అధ్యయనాలను కలిపి చూసి 2016లో లెక్కగట్టారు.

స్త్రీలకు గుండెపోటు వచ్చినప్పుడు ఛాతీనొప్పితోపాటు, ఒక్కోసారి అది లేకుండానే, ఆయాసం, వీపునొప్పి, దవడ లాగడం, వాంతి, చెమటలు కనిపిస్తాయి. తోటపని చేసి వచ్చిన మనిషికి అవి అలసటలాగో గ్యాస్‌లాగో తోస్తాయి. ఆ పొరపాటుతో విలువైన గంటలు దాటిపోతాయి. అలాంటప్పుడు 108కి ఫోన్ చేయాలి. పీహెచ్‌సీలో బీపీ, షుగర్ చూసే ప్రతిసారీ ముట్లు ఏ వయసులో ఆగాయి, గర్భసంచి ఆపరేషన్ జరిగిందా, అండాశయాలు కూడా తీశారా అని అడిగి రాసుకోవాలి. సిబ్బంది అడగకపోతే స్త్రీలే ఆ సంగతి చెప్పాలి.