ఎకరం రైతుకూ ఇనాందారుకూ ఒకే రేటా?

1927 ఫిబ్రవరి 24. బొంబాయి శాసనమండలిలో బడ్జెట్ చర్చ. అప్పుడే సభ్యుడైన బాబాసాహెబ్ అంబేడ్కర్ లేచి, పన్నుల భారం ఎవరి నెత్తిన పడుతోందని నిలదీశారు.

ఆదాయపు పన్ను సంపాదన ఉన్నవాడే కడతాడు. భూమి శిస్తుకు ఆ నీతి లేదు. పంట పండినా ఎండినా కట్టాల్సిందే. ఎకరం రైతుకూ, జాగీర్దారుకూ, ఇనాందారుకూ ఒకే రేటు. ఇది అన్యాయమన్నారాయన.

ఈ తేడా చట్టం తెచ్చిపెట్టిందే. 1857 తిరుగుబాటు మిగిల్చిన లోటు పూడ్చడానికి 1860లో జేమ్స్ విల్సన్ ఆదాయపు పన్ను తెచ్చినప్పుడు సాగు ఆదాయమూ లెక్కలో ఉండేది. 1886 చట్టం దాన్ని తప్పించింది. దాంతో పెద్ద జమీందారు భూమి రాబడికి ఆదాయపు పన్ను లేకుండా పోయింది. చిన్న రైతుకు శిస్తు మాత్రం తప్పలేదు.

1961 చట్టంలోనూ ఆ మినహాయింపు నిలిచింది. వేరే సంపాదనను సాగు ఆదాయంగా చూపి పన్ను ఎగ్గొట్టేవాళ్లకు అది దొడ్డిదారి అయింది. భూమిలేని కూలికి దానివల్ల ఒరిగిందేమీ లేదు. సబ్బు కొంటే జీఎస్టీ మాత్రం ధనికుడితో సమానంగా ఆ కూలీ కడతాడు. అయినా రేషన్ బియ్యం తెచ్చుకుంటే ‘మా పన్నుల సొమ్ము తింటున్నారు’ అని దెప్పేది అతణ్నే.

పన్ను మినహాయింపూ సర్కారు ఇచ్చే రాయితీయే. బియ్యమూ రాయితీయే. బాబాసాహెబ్ పట్టిన కొలత ఒక్కటే: కట్టగల శక్తి. వేలెత్తి చూపేవాళ్లు ముందు ఆ కొలతతో రెంటినీ తూచాలి.