ఇంగ్లీషు డిక్షనరీలో మన మాటలు

ఇంగ్లీషులో ఏది కష్టమని మన పిల్లల్ని అడిగితే, "కొత్త మాటలండీ! అర్థాలు బట్టీపట్టినా మర్నాటికి మరిచిపోతున్నాం" అంటారు. మనం చదువుకున్న రోజుల్లోనూ ఇదే బాధ. ఆ భయంతోనే చదువు మానేసినవాళ్లు మనలో ఎందరో ఉన్నారు. కాని ఆ కఠినమైన మాటల్లో కొన్నింటి పుట్టుక మన ఇళ్లలో మాట్లాడే భాషల్లోనే ఉన్నదని మనం గమనించలేదు.

1886లో 'హాబ్సన్-జాబ్సన్' అనే నిఘంటువు వెలువడింది. ఈ దేశంలోని ఇంగ్లీషువారి వాడుకలో చేరిన మాటలన్నీ అందులో కూర్చారు. కర్తలు కర్నల్ హెన్రీ యూల్, మద్రాసు సివిల్ సర్వీసులో పనిచేసిన ఎ.సి. బర్నెల్. 1882లోనే బర్నెల్ కన్నుమూయగా యూల్ ఆ పని పూర్తిచేశారు. ఇంతకీ ఆ వింత పేరు ఎక్కడిదంటారా? మొహర్రం ఊరేగింపులో వినిపించే "యా హసన్! యా హుసేన్!" అన్న కేకే తెల్ల సోల్జర్ల నోట అలా మారింది! తెలుగుకూ అందులో చోటు దక్కింది. మన పందికొక్కే ఇంగ్లీషువారి 'బాండికూట్'.

అరబ్బీ మాటలు అంతకు ఎన్నో వందల ఏళ్ల ముందే ఐరోపా చేరాయి. 9వ శతాబ్దంలో బాగ్దాదులో ఉన్న అల్ ఖ్వారిజ్మీ గణిత గ్రంథం పేరులోని 'అల్ జబ్ర్' నుంచి 'ఆల్జీబ్రా', ఆయన పేరు నుంచి 'అల్గారిథమ్' వచ్చాయి. ఆకాశంలో మన నడినెత్తిన ఉండే బిందువు 'జెనిత్', దానికి సరిగ్గా ఎదురుగా కాళ్ల కింద ఉండేది 'నేడిర్'. ఉర్దూలో దిక్కును 'సిమ్త్' అనీ, సాటిని 'నజీర్' అనీ అంటాం కదా, వాటి మూలాలే ఇవి. 'మ్యాగజైన్'కు మూలం గిడ్డంగి అనే అరబ్బీ మాట. మన 'ఖజానా' దానికి చుట్టమే. అందుకే మందుగుండు కొట్టుకూ ఆ పేరుంది. 1731లో లండనులో 'జెంటిల్మన్స్ మ్యాగజైన్' వచ్చాక పత్రికలకూ అదే పేరు పాకింది.

అయితే ఒక హెచ్చరిక. 'ఆల్కహాల్'కు మూలమైన 'కుహుల్' కంటికి పెట్టుకునే సుర్మా. మెత్తని పొడి అన్న అర్థం పోను పోను సారమనీ, చివరకు మద్యసారమనీ మారింది. పుట్టుక తెలిస్తే మాట గుర్తుంటుంది. నేటి అర్థం మాత్రం వాక్యంలో చూసి తెలుసుకోవలసిందే.

కనుక పిల్లలు డిక్షనరీ తెరిచినప్పుడు అర్థంతోపాటు పుట్టుక కూడా చదవమందాం. ఉర్దూ మాట కనిపిస్తే ఇంట్లో నానీనో దాదీనో అడగమందాం. ఇంగ్లీషు బడికి పోని ఆ పెద్దవాళ్ల దగ్గరే ఆ మాటకు తాళంచెవి దొరకవచ్చు.