పోయినచోటే వెతుక్కోవాలా?

1871 ఏప్రిల్. జర్మనీలోని వీస్‌బాడెన్‌లో ఒక రష్యన్ రచయిత రాత్రిపూట చర్చిని వెతుక్కుంటూ పరుగెడుతున్నాడు. చేతిలో డబ్బంతా రూలెట్‌లో పోయింది. ఇంటికి తిరిగి రమ్మని భార్య అన్నా పంపిన 30 థేలర్లూ అక్కడే పోయాయి. ఫాదర్ దగ్గర మొర పెట్టుకుందామని వెళ్తే, చీకట్లో చర్చి అనుకున్నది కాస్తా యూదుల ప్రార్థనా మందిరం! నెత్తిన చన్నీళ్లు పోసినట్టయిందని ఆమెకు ఉత్తరం రాశాడు దస్తయేవ్‌స్కీ. ఇక ఆడనన్నాడు.

ఎనిమిదేళ్ల ముందు, 1863లో, రూలెట్ కిటుకు తెలిసిపోయిందని రాసిందీ ఈయనే. ఉద్రేకపడకుండా, తన అదుపులో తానుండి ఆడితే చాలట. మితంగా ఆడదామా, మొత్తానికి మానేద్దామా అన్న తగువు వైద్యుల దాకా రాకముందే ఈ ఒక్క మనిషిలో నడిచింది. మనకిది కొత్త కాదు. నలుడు పాచికల మర్మం, అక్షహృదయం, నేర్చుకుని మళ్లీ ఆడి, పోయిన రాజ్యం గెలుచుకున్నాడు. ధర్మరాజు రెండోసారి కూర్చుని అడవి పాలయ్యాడు. జూదరి ఎవరైనా ఇంట్లోంచి బయల్దేరేటప్పుడు నలుడే.

తగువుకు ఒక సంస్థ రూపం వచ్చింది 1957 సెప్టెంబరు 13న, లాస్ ఏంజెలెస్‌లో. మద్యం మానేవాళ్ల సంఘం ఆల్కహాలిక్స్ అనానిమస్ 1935 నుంచీ ఉంది. అదే పద్ధతిలో ఆ రోజు గ్యాంబ్లర్స్ అనానిమస్ మొదటి సమావేశం జరిగింది. వాళ్ల లెక్కలో మితం అన్న మాటే లేదు. లాటరీ టికెట్టు, ఆఫీసులో సరదా పందెం, చివరికి నాణెం ఎగరేయడం కూడా జూదమే. మొదటి చిన్న పందెం తాగుబోతుకు మొదటి గుక్క లాంటిది. నియమం ఇంత కచ్చితంగా ఉంటే నిలబడేవాళ్లు తక్కువే ఉంటారు. ఈ సంఘాలకు వచ్చినవాళ్ల మీద స్కాట్లాండ్‌లో స్టీవార్ట్, బ్రౌన్ జరిపిన పరిశీలన 1988లో అచ్చయింది. ఏడాది తర్వాత కూడా సమావేశాలకు వస్తూ, అసలు ఆడకుండా ఉన్నవాళ్లు నూటికి 8 మంది లోపే.

మితవాదం మద్యం వైపు నుంచే వచ్చింది. 1962లో లండన్ మానసిక వైద్యుడు డి.ఎల్. డేవిస్, తాను చూసిన 93 మంది వ్యసనపరుల్లో ఏడుగురు మళ్లీ మామూలుగా తాగగలుగుతున్నారని రాస్తే పెద్ద దుమారం రేగింది. జూదానికి ఆ ఆలోచనను 1979లో డికర్సన్, వీక్స్ తెచ్చారు. అదుపులో ఆడించడాన్నే చికిత్సగా ప్రతిపాదించారు. ఆస్ట్రేలియాలో బ్లాష్‌చిన్‌స్కీ బృందం 1991లో ప్రకటించిన ఫలితాలు ఇంకా ముఖ్యం. చికిత్స పొందిన 120 మందిలో 63 మందిని రెండు నుంచి తొమ్మిదేళ్ల తర్వాత పట్టుకోగలిగారు. మానేసినవాళ్లతో పాటు, ఆడుతూనే అదుపులో ఉన్నవాళ్లూ తక్కువేం లేరు, వాళ్ల బతుకులూ కుదుటపడ్డాయి. అయితే దొరకని 57 మంది ఏ బల్ల దగ్గర కూర్చున్నారో అన్న అనుమానం నన్ను వదలదు.

కెనడాలో లదుసర్ బృందం 89 మందికి మితమే లక్ష్యంగా చికిత్స మొదలుపెట్టి, ఫలితాలు 2009లో ప్రకటించింది. ఎక్కువమంది మధ్యలో ఒక్కసారైనా లక్ష్యం మార్చుకుని, పూర్తిగా మానేస్తామన్నారు. ఎవరూ బలవంతం చేయలేదు. హద్దు గీసుకుని ఆడటం ఎంత కష్టమో వాళ్లకే తెలిసొచ్చింది. నాకు ఈ చరిత్ర మొత్తంలో పనికొచ్చే సంగతి ఇదే అనిపిస్తుంది. మానెయ్యి అంటే గడప తొక్కనివాడు, తగ్గించుకో అంటే లోపలికి వస్తాడు. వచ్చాక చాలామంది చేరేది మానేయడానికే. తాగుబోతుకు ఒళ్లయినా తూలుతుంది, ఇక చాలని చెబుతుంది. జూదరికి ఒంట్లో అలాంటి గంట మోగదు. పైగా పోయినచోటే వెతుక్కోవాలని సామెత ఒకటి చేతిలో సిద్ధంగా ఉంటుంది.

హద్దు మనసులో కాక యంత్రంలోనే ఉంటే? నార్వే 2007లో ఆట యంత్రాలన్నీ ఎత్తేసింది. 2009లో వేరే యంత్రాలు పెట్టి, రోజుకూ నెలకూ ఇంతకు మించి పోగొట్టుకోవడానికి వీల్లేకుండా చేసింది.

మన దగ్గర కథ వేరు. సికింద్రాబాద్ క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్ కేసులో 1967లో సుప్రీంకోర్టు, రమ్మీ ప్రధానంగా నైపుణ్యమున్న ఆట అంది. యాభై ఏళ్లకు అదే ముక్కలాట ఫోన్‌లోకి వచ్చాక, డబ్బు పెట్టి ఆడటాన్ని తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. 2025లో పార్లమెంటూ చట్టం చేసింది. నిషేధం బల్లను తీసేయగలదు. బల్ల జేబులో ఉన్నప్పుడు అది అంత తేలిక కాదు.

దస్తయేవ్‌స్కీ మాట తప్పలేదు. ఆ తర్వాత ఆరోగ్యం కోసం జర్మనీలోని ఎంస్ ఊటల దగ్గరికి నాలుగుసార్లు వెళ్లినా ఆడలేదు. 1872 చివరికే ఎంస్‌లోనూ, వీస్‌బాడెన్‌లోనూ జూదగృహాలను ప్రభుత్వం మూయించేసింది.