కారుకి దాహం వేస్తే

మా కారు ఏడుస్తోందని మొట్టమొదట కనిపెట్టింది మా అమ్మ. పొద్దున్నే ముగ్గు వేస్తూ, "ఏమే, కారు కింద నీళ్ళెవరు ఒలకబోశారూ?" అని కేకేసింది. ఎవరూ ఒలకబోయలేదు. బానెట్ ఎత్తి చూస్తే, ఫాను వెనకనుంచి బొట్టు బొట్టుగా నీరు జారుతోంది.

అది నాన్నగారి అంబాసిడర్. 1982 నాటిది. నాన్నగారు పోయి ఏడాది కావస్తోంది. ఆ వచ్చే శుక్రవారమే సంవత్సరీకం. కాకినాడ నుంచి అమలాపురం దగ్గర మా ఊరికి ఆ కారులోనే వెళ్ళాలని అమ్మ పట్టు. ఒక షెడ్డుకి ఫోన్ చేస్తే, "వాటర్ పంపు పోయుంటుందమ్మా. ఇంకా ఆ బండికి ఖర్చెందుకు? తూకానికి అమ్మేసుకోండి" అన్నాడు. అమెరికా నుంచి అన్నయ్యా అదే మాట అన్నాడు.

చెప్పొద్దూ, నాకు రోషం వచ్చింది. చిన్నప్పుడు ఆదివారాలు నాన్నగారు కారు విప్పుతుంటే, స్పానర్లు అన్నయ్య చేతికి, టార్చిలైటు నా చేతికి ఇచ్చేవారు. లైటు పట్టుకునే పిల్లకి ఏం తెలుస్తుందిలే అనుకున్నారు గానీ, వెలుగు పడ్డచోటల్లా నా కళ్ళూ పడ్డాయి కదండీ! "పంపు నేనే మారుస్తాను" అన్నాను. మావారు పేపరు దించి నాకేసి చూసి, మళ్ళీ పేపరు ఎత్తుకున్నారు.

నేను చదివింది చరిత్రలో బి.ఏ. ఏ పని చేపట్టినా దాని పుట్టుపూర్వోత్తరాలు చూస్తేగాని నాకు చెయ్యి కదలదు. కొత్త పంపు విజయవాడ ఆటోనగర్ నుంచి పార్సిల్లో వచ్చేలోగా ఆ వేటలో పడ్డాను. పడితే ఏం దొరికిందనుకున్నారు? ఒక పుట్టింటి ప్రయాణం!

1886లో జర్మనీలో కార్ల్ బెంజ్ మూడు చక్రాల మోటారు బండికి పేటెంటు తీసుకున్నాడు. తీసుకున్నాడే గాని, దాన్ని కొనేవాళ్ళు లేరు. ఆయన భార్య బెర్తా. పెళ్ళికి ముందే తన కట్నం డబ్బు ఆయన వ్యాపారంలో పెట్టిన మనిషి. 1888 ఆగస్టులో ఒక తెల్లవారుజామున, భర్తకి చెప్పకుండా, ఇద్దరు కొడుకుల్నీ ఎక్కించుకుని మాన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌లో ఉన్న తన పుట్టింటికి ఆ బండిలో బయల్దేరింది. వంద కిలోమీటర్ల పైచిలుకు దూరం. అప్పటికి ఆమెకి 39 ఏళ్ళు. మోటారు బండిలో అంతదూరం వెళ్ళినవాళ్ళు ప్రపంచంలో అంతకుముందు ఎవరూ లేరు.

దారిలో ఇంధనం గొట్టం పూడుకుపోతే టోపీకి పెట్టుకునే పిన్నుతో పొడిచి శుభ్రం చేసింది. వైర్లు రాచుకుంటుంటే మేజోళ్ళు జారకుండా కట్టుకునే పట్టీ చుట్టింది. ఇంధనం మందుల షాపులో కొంది. అన్నిటికన్నా ఎక్కువగా తిప్పలు పెట్టింది మాత్రం నీళ్ళు. ఆ ఇంజనుకి మన కార్లలోలా రేడియేటర్ లేదు. చుట్టూ పోసిన నీళ్ళు మరిగి ఆవిరైపోతూ వేడిని తీసుకుపోవాలి. అంచేత మాటిమాటికీ నీళ్ళు పొయ్యాలి. బావీ వాగూ ఎక్కడ కనిపిస్తే అక్కడ ఆగి, ఆ తల్లి బండికి నీళ్ళు పట్టింది.

అది చదువుతుంటే నాకు మా అమ్మే కళ్ళముందు కనిపించింది. చిన్నప్పుడు ఇదే కారులో తిరుపతి వెళ్ళాం. కొండ ఎక్కుతుంటే సగం దారిలో బానెట్‌లోంచి గుప్పుమని ఆవిరి! నాన్నగారు కారు పక్కకి తీసి, చల్లారేదాకా కూర్చోబెట్టారు. ఆనక అమ్మ తన మరచెంబులో మాకోసం తెచ్చిన మంచినీళ్ళు రేడియేటర్లో పోయించింది. "దానికీ దాహం వేస్తుంది కదర్రా" అంది.

ఈ దాహం తీర్చడానికి మగవాళ్ళు చాలానే అవస్థపడ్డారు. 1901 నాటి మెర్సిడెస్ కారుకి విల్‌హెల్మ్ మేబాక్ అనే ఇంజనీరు తేనెపట్టులాంటి రేడియేటర్ చేశాడు. అందులో 8,070 సన్నని గొట్టాలు! నీళ్ళు ఆవిరైపోకుండా, గాలికి చల్లబడి మళ్ళీ ఇంజనులోకి వచ్చేస్తాయి. అన్నట్టు, మెర్సిడెస్ అన్నది ఆ కార్ల వ్యాపారి కూతురి పేరు.

మరి నీళ్ళని తిప్పేదెవరు? 1908లో మొదలైన ఫోర్డ్ మోడల్ టి కార్లలో మొదటి రెండున్నర వేలకి పంపు పెట్టి, తరవాత తీసేశారు. పాలగిన్నె చూడండి, అడుగున కాగిన పాలు పైకి వస్తాయి, పైనున్నవి కిందికి దిగుతాయి. నీళ్ళూ అలాగే వాటంతట అవే తిరుగుతాయన్నారు. తిరిగాయి కూడా. 1927 దాకా కోటిన్నర కార్లు ఆ పద్ధతిలోనే నడిచాయి. కానీ కొండ ఎక్కితే మరిగిపోయేవి. ఇంజన్ల బలం పెరిగేకొద్దీ తోసే చెయ్యి ఒకటి కావలసి వచ్చింది. అదే వాటర్ పంపు.

దాని కథా మన వంటింట్లోంచే వచ్చింది. 17వ శతాబ్దంలో డెనిస్ పాపిన్ అనే ఫ్రెంచి పండితుడు గట్టి మూత బిగించి ఎముకలు సైతం మెత్తగా ఉడికించే పాత్ర ఒకటి చేశాడు. మన ప్రెషర్ కుక్కర్‌కి అదే ముత్తాత. ఆయనే రెక్కలు గిర్రున తిరుగుతూ నీళ్ళని అంచులకి విసిరే పంపూ తయారుచేశాడు. కవ్వం తిప్పితే మజ్జిగ కుండ అంచుకి ఎగరదూ? అంతే సంగతి. రేడియేటర్ మూత కుక్కర్‌ది, పంపు కవ్వానిది అని తెలిశాక నాకు భయం పోయింది.

మన అంబాసిడర్‌కి పుట్టిల్లు ఇంగ్లండు. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సీరీస్ కారునే బెంగాల్‌లోని ఉత్తర్‌పారాలో హిందుస్థాన్ మోటార్స్ వాళ్ళు 1950ల చివర అంబాసిడర్ పేరుతో మొదలుపెట్టి, 2014 దాకా చేశారు. 1956 చట్టంతో దేశమంతా మీటర్లలోకి, కిలోల్లోకి మారుతున్న రోజుల్లోనే ఈ అంగుళాల ఇంజను మనింటికొచ్చిందన్నమాట! మావారి కొత్త పెట్టెలో మిల్లీమీటర్ల స్పానర్లు అందుకే సరిగ్గా పట్టలేదు. నాన్నగారి గోనెసంచీ విప్పి అర అంగుళం స్పానర్ తీశాను. పిడి చుట్టూ ఆయన కట్టిన గుడ్డ ఇంకా అలాగే ఉంది. కాసేపు పని సాగలేదు.

ఇంజను చల్లగా ఉన్నప్పుడే మొదలెట్టాను. వేడిమీద కుక్కర్ మూత తీస్తామా? ఇదీ అంతే. బ్యాటరీ వైరు తీసి, నీళ్ళు కిందికి వదిలి, రబ్బరు గొట్టాలు ఊడదీసి, చెయ్యి ఆడడానికి రేడియేటర్ కూడా తీసి పక్కన పెట్టాను. డైనమో బోల్టులు సడలిస్తే బెల్టు వదులయింది. తరవాత ఫాను, పుల్లీ. పంపు బోల్టులన్నీ ఒకే పొడవు ఉండవు. అంచేత జాకెట్టు ముక్కలు కత్తిరించి వరసన పెట్టుకున్నట్టు, అట్టముక్క మీద పంపు బొమ్మ గీసి, ఏ బోల్టుని ఆ చోటే గుచ్చాను. ఈసారి టార్చి పట్టుకున్నది మావారు. "కొంచెం ఇటు... అబ్బ, చెయ్యి ఊపకండీ!" అంటుంటే, అచ్చం నాన్నగారి గొంతే వినిపించింది.

పాత పంపు చేతిలోకి తీసుకున్నాను. కింద చిన్న బెజ్జం. లోపలి సీలు అరిగితే నీళ్ళు బేరింగులోకి పోకుండా బయటికి రావాలని కావాలనే పెడతారట. ఇంగ్లీషువాళ్ళు దాన్ని ఏడ్చే రంధ్రం అంటారు. పూర్తిగా పాడవకముందే చెప్పుకోవడానికి ఇనుముకి కూడా ఒక దారి ఉంచారు. నాన్నగారికి అలాంటిది ఉంచుకోవడం చేతకాలేదు. ఛాతీలో నొప్పి అని ఒక్కనాడూ అనలేదు.

కొత్త పంపు బిగించాను. నీళ్ళు పోసి స్టార్టు చేస్తే మళ్ళీ కారింది! మావారు ఒక్క మాటా అనలేదు. ఆ మర్యాద మరిచిపోను. మర్నాడు మొత్తం విప్పి చూస్తే తప్పు నాదే. పాత గాస్కెట్ కాగితం పెచ్చు ఒకటి గోకకుండా వదిలేశాను. పెనం మీద మాడు గీకినంత ఓపిగ్గా గీకి, కొత్త గాస్కెట్ వేసి, బోల్టులు ఒకదానికి ఎదురుగా ఒకటి కొంచెం కొంచెంగా బిగించాను. ఈసారి బొట్టు రాలేదు.

ఇప్పటి కార్లలో ఇలా చెయ్యడం కష్టమే. 2009లో వచ్చిన టయోటా ప్రియస్‌లో పంపుకి బెల్టే లేదు, కరెంటుతో తిరుగుతుంది. పెట్రోలు ముట్టని బ్యాటరీ కార్లలో కూడా చాలావాటికి నీళ్ళు తిప్పే పంపు ఉంది. దాహం మాత్రం పోలేదన్నమాట.

శుక్రవారం తెల్లవారుజామున బయల్దేరాం. నడిపింది నేనే. యానాం వంతెన దాటాక కారు ఆపి, బానెట్ ఎత్తి, పంపు కిందకి చెయ్యి పోనిచ్చాను. పొడిగా ఉంది. వెనక సీట్లోంచి అమ్మ మరచెంబు పట్టుకుని దిగింది. నిండా నీళ్ళు. దానికోసం తెచ్చిందట.

"దానికి అక్కర్లేదమ్మా" అన్నాను.

అమ్మ ఒక్క క్షణం కారుకేసి చూసి, మూత తిప్పి, "అయితే నువ్వు తాగవే" అంది.